పసివాండ్ర యాత్రయా? పెద్దల ప్రదర్శనమా?

వేసవి సెలవులు సమీపించినకొలది మన పట్టణములలో నొక క్రొత్త సందడి బయలుదేరుచున్నది. పూర్వము సెలవులనగా అమ్మమ్మగారి యూరు, మామిడితోట, ఏటి స్నానము. నేడు కొంత కలిగిన కుటుంబములలో సెలవులనగా ఐరోపా. బెజవాడలోను, గుంటూరులోను, విశాఖపట్టణములోను, హైదరాబాదులోను యాత్రావ్యాపారుల ప్రకటనలు ఎచట చూచినను కనబడుచున్నవి. పది దినములలో ఆరు దేశములు! పండ్రెండు దినములలో ఎనిమిది నగరములు! ఈ యాత్రలకు బయలుదేరువారు కోటీశ్వరులు మాత్రమే కారు. నెలజీతముపై బ్రతుకు ఉద్యోగులును, చిన్న వర్తకులును వాయిదాలమీద అప్పు తెచ్చియైనను పోవుచున్నారు. వారి వెంట ఐదేండ్ల బిడ్డలు, మూడేండ్ల బిడ్డలు, చంటివారు సయితము పోవుచున్నారు.

మేము దేశాంతరయాత్రకు విరోధులము కాము. సముద్రము దాటినవానిని వెలివేసిన కాలము గతించినందులకు సంతోషించువారిలో మేమును చేరినవారమే. పరదేశమును కన్నులార చూచినవాడు స్వదేశమును సరిగా చూడ నేర్చుకొనును. మా తగవు యాత్రతో కాదు. యాత్ర నిర్ణయింపబడు తీరుతో. ఈ వ్యవహారమున తీర్పు చెప్పువారు తల్లిదండ్రులు. లాభము పొందువారు వ్యాపారులు. సాక్ష్యము పలుకునవి ఛాయాచిత్రములు. శిక్ష యనుభవించువారు మాత్రము పసివాండ్రు. వారి వాదము విన్నవారు లేరు. నోరులేని ఆ కక్షిదారుల పక్షమున నేడు మేము వకాల్తా పుచ్చుకొనుచున్నాము.

ముందుగా నేరమేమో స్పష్టముగా చెప్పుదము. పది దినములలో ఆరు దేశములనగా నేమి? రెండు రాత్రుల కొకసారి పడక మారును. తెల్లవారకమునుపే బిడ్డను నిద్రలేపి, నోట నాలుగు రొట్టెముక్కలు కుక్కి, బస్సులో కూర్చుండబెట్టుదురు. గంటలకొలది ప్రయాణము. దిగినతోడనే యొక గోపురము, ఒక విగ్రహము, ముప్పది నిమిషముల వ్యవధి, మరల బస్సు. పారిసులోని ఈఫెల్ గోపురము 330 మీటర్ల యెత్తు గలది. దాని క్రింద బారులో నిలుచున్న నాలుగేండ్ల బిడ్డకు కనబడునది గోపురము కాదు, ముందు నిలిచినవారి మోకాళ్ళు. ఆ మోకాళ్ళను చూచుట కింత దూరము పోవలెనా? మన రైలుస్టేషనులో టిక్కెట్ల కిటికీయొద్ద చాలినన్ని కలవు.

దేహధర్మమును గూడ విచారింపుడు. వేసవిలో పశ్చిమ ఐరోపా గడియారము మన గడియారముకంటె మూడున్నర గంటలు వెనుక నడచును. బిడ్డ కడుపునకును కనురెప్పలకును ఈ సంగతి తెలియదు. ఇంట ఉదయ మారున్నరకు లేచు బిడ్డ అచట తెల్లవారుజామున మూడు గంటలకే లేచి అన్నమడుగును. ఇంట రాత్రి తొమ్మిదింటికి పండుకొనువాడు అచట సాయంకాల మైదున్నరకే తూలిపోవును. ఇది సర్దుకొనుటకు కొన్ని దినములు పట్టును. సరిగా ఆ వేళకే వ్యాపారి పట్టికలో పడవవిహారము వ్రాయబడియుండును. బిడ్డ యేడ్చును. తండ్రి కసరును. తల్లి సిగ్గుపడును. తుదకు సెల్‌ఫోను చేతికిచ్చి యూరకుంతురు. వేలకొలది మైళ్ళు ఎగిరిపోయి ఆ బిడ్డ చూచునది ఇంట చూచిన బొమ్మలాటయే! దీనిని యాత్ర యందుమా, బిడ్డను సామానుగా కట్టి మోయుట యందుమా?

ప్రతివాదుల వాదములు మూడు కలవు. మొదటిది వీసా వాదము. “ఇంత శ్రమపడి, ఇంత సొమ్ము పోసి పోవుచుండగా ఒక్క యూరు చూచి వత్తుమా?” అని వారు అడుగుదురు. శ్రమ నిజమే. షెంగెన్ ఒప్పందమున చేరిన 29 దేశములకు ఒక్క వీసా చాలును గాని, అది సులభముగా దొరకునది కాదు. 2024 జూనులో హెచ్చించిన సుంకము ప్రకారము పెద్దవారికి 90 యూరోలు, 6 ఏండ్లు నిండి 12 నిండని బాలురకు 45 యూరోలు. 6 ఏండ్లలోపువారికి సుంకము లేదు. తల్లిదండ్రులు, ఏడేండ్ల కుమార్తె, నాలుగేండ్ల కుమారుడు గల కుటుంబమునకు 225 యూరోలు. దరఖాస్తును త్రోసివేసినను ఆ సొమ్ము తిరిగిరాదు. దీనికితోడు మనిషికి 30,000 యూరోలకు తక్కువ కాని వైద్యపు బీమా, బ్యాంకు లెక్కలు, బిడ్డల జనన ధ్రువపత్రములు. దరఖాస్తు ఆరు నెలలు ముందుగా ఇయ్యవచ్చును. ఆలోచించి పనిచేయువారు కడపటి వారముల కొరకు వేచియుండరు. డచ్చివారు 1605లో మచిలీపట్టణమున దిగి, మరుసటి యేట గోలకొండ సుల్తాను ఫర్మానా వేడి వర్తకము సాగించిరి. నాడు మన రేవులలో కొట్టు తెరచుటకు వారు ఫర్మానా వేడిరి. నేడు వారి వీథులలో బిడ్డ చేయిపట్టుకొని నడచుటకు మనము వీసా వేడుచున్నాము. కాలచక్ర మట్టిది. కాని ఈ వాదములోని దోషము వేరొకటి. సుంకము ద్వారమునకు చెల్లించునదే గాని తిరిగిన మైళ్ళకు చెల్లించునది కాదు. ఒక నగరమున పదిదినము లున్నను ఆరు దేశములు పరుగెత్తినను అదే 225 యూరోలు. ద్వారము తెరచినవారి కందరకును ఇల్లంతయు పరుగెత్తవలెనను విధి యెచట నున్నది?

రెండవది జ్ఞాపక వాదము. “ఇంత చిన్నవారికి ఏమి జ్ఞాపకముండును? ఎట్లు తీసికొనిపోయినను ఒకటే” అందురు. జ్ఞాపకము లేనిదే బాధయు లేదని చెప్పుట న్యాయమా? నిన్న తిన్న యన్నము జ్ఞాపకము లేదని బిడ్డకు నేడు పస్తు పెట్టుదుమా? బిడ్డ మరచునది గోపురము పేరు. తల్లిదండ్రులు తనతో నెమ్మదిగా నడచిన తీరును, తన ప్రశ్నకు నిలిచి సమాధానము చెప్పిన తీరును వాని మనస్సు మరువదు. బిడ్డను అమ్మమ్మయొద్ద విడిచి దంపతులిరువురే పోవుదు మనువారిని మేము నిందింపము. అందులో క్రౌర్యములేదు, నిజాయితీ కలదు. తీసికొనిపోదు రేని మాత్రము వానిని యాత్రికునిగా తీసికొనిపొండు.

మూడవ వాదమును ఎవరును పైకి చెప్పరు. అదియే అసలు వాదము. తిరిగివచ్చిన పిదప పొరుగువారు “ఒక్క యూరేనా?” అని అడుగుదురను భయము. ఈ భయమునకు మేము చెప్పు సమాధానము లేదు. పొరుగువాని కొరకు చేయు యాత్ర పొరుగువానిది. ఖర్చు మాత్రము మనది, అలసట మన బిడ్డది.

అయినచో ఏమి చేయవలెను? ఒక్క నగరము నెన్నుకొనుడు. ఒక్క బసలో వారము, పది దినము లుండుడు. దినమునకు ఒక్క గమ్యము, మధ్యాహ్నము నిద్ర, సాయంకాలము తోట. ఎన్నుకొనునపుడు ఆ నగరమున గల రాజభవనముల లెక్క కాక ఈ ప్రశ్నల నడుగుడు. బిడ్డ వీథిలో నిర్భయముగా నడవగలడా? కుళాయినీరు త్రాగవచ్చునా? పరుగెత్తుటకు పచ్చిక కలదా? నిద్రవేళకు అరగంటలో బసకు చేరగలమా? ఈ పరీక్షలో నెగ్గు నగరములు కొన్ని కలవు. వియన్నాలో 1752లో స్థాపించిన షోన్‌బ్రూన్ జంతుశాల, నేటికిని నడచుచున్న వానిలో ప్రపంచమున కెల్ల పురాతనమైనది, కలదు. అచటి ప్రభుత్వ మ్యూజియములలో 19 ఏండ్లలోపు వారికి ప్రవేశము ఉచితము. కోపెన్‌హేగెనులో 1843 నుండి టివోలీ వినోదవనము కలదు. మేము ఉదాహరణముగా ఆమ్‌స్టర్‌డామును గైకొందుము. ఆ నగరముతో మన తీరమునకు పాతలెక్క యొకటి యున్నది. మనము నేర్వదగిన క్రొత్తపాఠము నొకటి యున్నది.

ముందు హెచ్చరికలు. ఆ నగరపు కాలువగట్టు ఇండ్లు సన్ననివి, ఎత్తైనవి. మెట్లు నిచ్చెనవలె నిటారుగా నుండును. చిన్న హోటళ్ళలో అనేకములకు లిఫ్టు లేదు. కావున గది అందమును చూచుటకు ముందు లిఫ్టు కలదా, వంటకు పొయ్యి కలదా అని అడుగుడు. బస ధరపై 2024 నుండి నూటికి పన్నెండున్నర వంతున యాత్రికుల పన్ను కలదు. దానిని లెక్కలో చేర్చుకొనుడు. కాలువగట్టులకు చాలచోట్ల కటకటాలు లేవు. బిడ్డ చేయి విడువరాదు. ఎర్రని రంగు పరచిన బాట సైకిళ్ళది. దానిపై నిలిచి ఛాయాచిత్రము తీయబోవువారు తామే చిత్రమగుదురు. మే నెలలో గూడ మన మార్గశిరపు చలిని మించిన చలి యుండును. వాన యెప్పుడు పడునో తెలియదు. తోపుడుబండి, వానకోటు తప్పనిసరి. ట్యూలిప్ పూవులను చూడగోరువారు కాయ్‌కెన్‌హాఫ్ తోట మార్చి నడుమ తెరువబడి మే నడుమ మూయబడునని గుర్తెరుగుడు. మన పాఠశాలలు ఏప్రిలు చివర మూయుదురు గనుక మే మొదటి దినములే తగినవి.

ఇక బిడ్డకు తగిన స్థలములు. 1838లో స్థాపించిన ఆర్టిస్ జంతుశాల నగరమధ్యముననే కలదు. 47 హెక్టారుల వోండెల్ ఉద్యానము ఉచితము. ప్రధాన రైలుస్టేషను వెనుక ఐ జలమార్గమును దాటించు పడవలకు టిక్కెట్టే లేదు. ఓడ యెక్కవలెనని యేడ్చు బిడ్డను దినమున కెన్నిమారులైనను ఆవలికి ఈవలికి త్రిప్పవచ్చును. నేమో యను విజ్ఞానశాలలో వస్తువులను ముట్టరాదను బెదిరింపు లేదు. ముట్టుటయే అచట విద్య. రైక్స్ మ్యూజియములో 18 ఏండ్లు నిండనివారికి ప్రవేశము ఉచితము గనుక, పెట్టిన సొమ్ము రాబట్టవలెనని బిడ్డను శాలలన్నిటను ఈడ్వ నక్కరలేదు. ఒక్క పటమును చూపుడు. రెంబ్రాండు 1642లో ముగించిన రాత్రి పహరా చిత్రము గోడయంత కలదు. అందులో నడుమునకు కోడిని కట్టుకొన్న బాలిక యెచట? డోలు వాయించువాడెచట? వానిని చూచి మొరుగు కుక్క యెచట? అని బిడ్డచేత వెదకింపుడు. పావుగంటలో బయటికి రండు. ఆ పావుగంటకు సాటిరాదు పెద్దలు మూడు గంటలు ఈడ్చిన చూపు. ఆన్ ఫ్రాంకు తనవారితో 1942 నుండి 1944 వరకు దాగియుండిన యింటిని 1960 నుండి చూపుచున్నారు. అది పెద్దలు తలవంచి చూడవలసిన స్థలము. పసివారికి తగదు. తల్లిదండ్రులు వంతులవారీగా పోయి, రెండవవారు బిడ్డతో గట్టున నుండుట మర్యాద.

భోజనమునకు భయపడనక్కరలేదు. బియ్యము, పాలు, పెరుగు అంగళ్ళలో దొరకును. పెరుగన్నము కలుపుకొన్న బిడ్డకు పరదేశము సగము స్వదేశమగును. రొట్టె, కూర వడ్డించు సురినాము వారి భోజనశాలలును కలవు. వాటి వెనుక నొక చరిత్ర యున్నది. 1873 నుండి మన దేశపు కూలీలను, ముఖ్యముగా ఉత్తరదేశపు భోజపురీ వారిని, ఒడంబడికపై డచ్చి సురినామునకు ఓడలలో కొనిపోయిరి. 1975లో ఆ దేశము స్వతంత్రమగు వేళ వారి సంతతి వేలకొలదిగా నెదర్లాండ్సు చేరెను. ఆ రొట్టెలో చెరకుతోటల చెమట కలదు.

పాతలెక్క యనినది ఇదియే. 1602లో ఏర్పడిన డచ్చి తూర్పుదేశపు కంపెనీ మచిలీపట్టణము, భీమునిపట్టణము మొదలగు రేవులనుండి మన నేత బట్టలను, అద్దకపు బట్టలను కొనిపోయి ఐరోపాలోను తూర్పు దీవులలోను అమ్మెను. కరవు కాలములలో మన తీరమునుండి మనుష్యులను సయితము బానిసలుగా కొని యెగుమతి చేసెను. 1825లో ఇంగ్లీషువారి కప్పగించినదాక భీమునిపట్టణము వారి స్థావరముగా నుండెను. వారి సమాధులు నేటికిని అచట నిలిచియున్నవి. నేడు ప్రపంచ వారసత్వమని 2010 నుండి కొనియాడబడు ఆ కాలువగట్టు మేడల సంపదలో మన నేతగాండ్ర మగ్గపుచప్పుడు కొంత కలదు. నౌకా మ్యూజియమునకు చెందిన ఓడ యొకటి, 1749లో మునిగిన కంపెనీ యోడకు ప్రతిగా కట్టినది, బిడ్డల కెంతయో ప్రీతికరము. దాని కడుపులో దిగునపుడు ఐదేండ్ల బిడ్డతో బానిసల మాట చెప్పనక్కరలేదు. “మన యూరి బట్టలు ఇటువంటి యోడలోనే వచ్చినవి” అని చెప్పిన చాలును. తక్కినది పెద్దయైన పిదప వాడే అడుగును. అడిగినపుడు చెప్పుటకు తల్లిదండ్రులకు తెలిసియుండవలెను.

ఇప్పుడు క్రొత్తపాఠము. మనవారు ఆ వీథులను చూచి, “వారి నాగరికతయే వేరు, మనకు రాదు” అని నిట్టూర్చుదురు. ఇంతకంటె అసత్యమగు మాట లేదు. యుద్ధానంతరము ఆ నగరపు చౌకులును కాలువగట్టులును మోటారుబండ్లతో నిండిపోయెను. 1954లో ఆ నగరపు పోలీసు అధిపతియే కొన్ని కాలువలను పూడ్చి బండ్లకు దారి చేయవలెనని ప్రణాళిక యిచ్చెను. 1971లో నెదర్లాండ్సు రహదారులపై మూడువేలకు పైగా జనులు మరణించిరి. వారిలో 400 మందికి పైగా బాలురు. నేడు మనము మెచ్చు ఆ దేశమున బిడ్డ వీథి దాటుట నాడు ప్రాణగండము.

ఏమి జరిగెను? తన కుమార్తెను రహదారిపై కోల్పోయిన యొక పత్రికారచయిత 1972లో “బాలహత్య నాపుడు” అను శీర్షికతో వ్రాసెను. ఆ శీర్షికయే యుద్యమమునకు పేరయ్యెను. దానికి మొదటి అధ్యక్షురాలు మార్ట్యె వాన్ పుట్టెన్ అను యువతి. పిదప ఆమె ఐరోపా పార్లమెంటు సభ్యురాలయ్యెను. తల్లులు, తండ్రులు, బిడ్డలు వీథులకు అడ్డముగా నిలిచిరి, కూర్చుండిరి, సైకిళ్ళపై ఊరేగిరి. ఆ నగరపు పైప్ పేటలో బాలురే తమ వీథిని బండ్లకు మూయవలెనని పోరాడిరి. 1973లో చమురు కరవు వచ్చి ఆదివారములలో బండ్లు ఆగిపోగా, బండి లేని వీథి యెట్లుండునో ప్రజలు కన్నులార చూచిరి. 1976లో నడచువారికి, ఆడుకొను బిడ్డలకు మొదటిహక్కు గల నివాసవీథులను చట్టము అంగీకరించెను. దీనికి పూర్వమే 1947 నుండి ఆల్డో వాన్ ఐక్ అను శిల్పి, ఇరుగుపొరుగువారు తమ పేటలోని ఖాళీస్థలమునకై ఉత్తరములు వ్రాసి కోరగా, మూడు దశాబ్దములలో 700కు పైగా ఆటస్థలములను రూపొందించెను. వానిలో నున్నవి ఇసుకగుంట, ఇనుప కమ్ములు, దుముకుటకు రాళ్ళు. రాజభోగములు కావు.

కనుక పాఠకులారా! ఆ వీథి శీతలదేశపు మహిమ కాదు; తెల్లచర్మపు గుణము కాదు; ధనము చల్లిన మాయ కాదు. అది పోరాడి గెలిచిన డిక్రీ. సత్యాగ్రహమును ప్రపంచమునకు నేర్పినవారము మనము; బిడ్డ ప్రాణమునకై వీథిలో కూర్చుండుటను నేడు వారినుండి నేర్వవలసివచ్చెను.

యాత్రనుండి తిరిగివచ్చిన మనవారు ఏమి చేయుచున్నారు? “అచట బిడ్డ యెంత హాయిగా నడచెనో!” అని పది యిండ్లలో చెప్పుదురు. మరుసటి ఉదయము తమ మోటారుబండిని ఇంటిముందరి కాలిబాటపై నిలుపుదురు. ఆ బాటను కోల్పోయిన పొరుగింటి బిడ్డ బడికి నడివీథిలో నడచును. లేఅవుటులో ఉమ్మడి బయలుగా విడిచిన స్థలమును ఆక్రమించినవాని గృహప్రవేశమునకు పోయి భోజనము చేసివత్తురు. వేల యూరోలు పోసి పది దినములు అద్దెకు తెచ్చుకొన్న హాయిని, చేతనైన కొద్దిపాటి పౌరధర్మముతో సంవత్సరమంతయు ఇంట సంపాదింపరాదా?

మా కోరికలు స్వల్పములు. పోవువారు ఒక్క నగరమునకే పోవుదురుగాక. బిడ్డ నడకకు తమ నడకను తగ్గించుకొందురుగాక. అప్పు చేసి పోకుందురుగాక. వచ్చినవారు ఛాయాచిత్రములతోపాటు ఒక్క దరఖాస్తును గూడ తమ వెంట దెచ్చుకొందురుగాక. తమ పేటలోని పాఠశాల ముందరి వీథిలో బండ్ల వేగమును తగ్గింపుడనియు, కాలిబాటను ఖాళీచేయింపుడనియు, విడిచిన బయలును బిడ్డల కిండనియు పురపాలక సంఘమునకు వ్రాసి, పదిమంది తల్లుల చేవ్రాళ్ళు చేర్చి, సమాధానము వచ్చునంతవరకు విడువకుందురుగాక. ఐరోపా చూచినవారికి ఈ పని యింకను ఎక్కువ విధి. వీథి యెట్లుండవలెనో తెలియదని వారు చెప్పజాలరు. ఇక ఐరోపా ముఖము చూడని లక్షలకొలది తెలుగు బిడ్డలకు యాత్ర యనగా ఇంటినుండి బడికి, బడినుండి ఇంటికి నడచునదే. ఆ యాత్రనైనను వారు భయములేక చేయు నట్లు చూచుట మన యందరి బాధ్యత.